5 మిల్లీమీటర్ల మణికట్టు

విజయవాడ సూర్యారావుపేటలో ఒక సర్జన్ గారు తమ ఆస్పత్రి మేడ మీద జూనియర్ డాక్టర్లు లాప్రోస్కోపీ (పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) సాధన చెయ్యడానికి ఒక ప్లాస్టిక్ పెట్టె పెట్టుకున్నారు. మూతకి రెండు రంధ్రాలు, లోపల కెమెరా, ఎదురుగా టీవీ. నేను మెకానికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెబుతాను. పొడుగాటి పట్టకారు నా చేతికిచ్చి, "ఆ స్పాంజికి ఒక్క కుట్టు వెయ్యండి మాస్టారూ" అన్నారావిడ. ఇరవై నిమిషాలు కుస్తీ పట్టినా కుట్టు పడలేదు. చెయ్యి ఎడమకి జరిపితే తెర మీద కొస కుడికి పోతోంది. పైకెత్తితే కిందికి దిగుతోంది.

కృష్ణలో పడవ నడిపేవాళ్లకి ఇది కొత్త కాదు. తెడ్డు పడవ అంచుకి ఆని ఉంటుంది కాబట్టి పిడిని ముందుకు తోస్తే నీళ్లలోని రెక్క వెనక్కి పోతుంది. లాప్రోస్కోపీలో ఆ అంచు మన పొట్ట గోడే. 33 సెంటీమీటర్ల కడ్డీలో 11 లోపల, 22 బయట ఉంటే, చెయ్యి 2 సెంటీమీటర్లు కదిపినప్పుడు కొస 1 సెంటీమీటరే కదులుతుంది, అదీ ఎదురు దిక్కుకి. కడ్డీ లోపలికి వెళ్లేకొద్దీ ఈ లెక్క మారుతూనే ఉంటుంది.

ఈ తికమక సాధనతో పోతుంది. కొస వంగకపోవడం మాత్రం ఎంత సాధన చేసినా పోదు. మామూలు పనిముట్టుకి నాలుగే కదలికలు: పైకీ కిందికీ, పక్కలకి, లోపలికీ బయటికీ, తన చుట్టూ తాను తిరగడం. కుట్టు వేసే సూదేమో నెలవంకలా ఉంటుంది, తన వంపు వెంటే కండలోంచి దూరి బయటికి రావాలి. నిటారు కడ్డీతో అయితే పొట్ట మీద రంధ్రం ఎటువైపు పడితే కుట్టు కూడా అటే పడుతుంది. పిత్తాశయం తీసెయ్యడానికి ఇది పెద్ద అడ్డంకి కాలేదు. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె, 1990లో ముంబైలో డాక్టర్ తెహెమ్‌టన్ ఉద్వాడియా నిటారు పనిముట్లతోనే ఆ ఆపరేషన్ చేశారు. ప్రోస్టేట్ తీశాక మూత్రాశయాన్ని మళ్లీ మూత్రం బయటికి పోయే గొట్టానికి కలిపి చుట్టూ కుట్టాలంటేనే కష్టం. చోటు ఇరుకు, అడుగున ఎక్కడో ఉంటుంది. అక్కడ కొసకి కూడా మణికట్టు కావాలి.

ఆ మణికట్టు చెయ్యడానికి ముఖ్యమైన దారి బావి గిలక లాంటిదే. కొస దగ్గర కీలు, కీలులో చిన్న గిలకలు, వాటి మీదుగా సన్నని తీగలు. పిడి దగ్గర లాగితే కొస వంగుతుంది. 2000లో అమెరికాలో అనుమతి పొందిన డావిన్సీ అనే ఆపరేషన్ రోబో చేతుల్లోనూ ఇవే తీగలు, కాకపోతే వాటిని లాగేది మోటార్లు. వినడానికి తేలికే. చెయ్యడం మొదలుపెడితే తెలుస్తుంది.

మా వీధి సైకిల్ షాపులో తెగిన బ్రేక్ వైరు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. వంపు తిరిగే చోటే పోగులు ఒక్కొక్కటే తెగి ముళ్లలా లేచి ఉన్నాయి, తిన్నగా ఉన్న భాగం మాత్రం కొత్త దానిలానే ఉంది. తీగ ఎంత చిన్న గిలక మీద వంగితే అంత తొందరగా అలిసిపోతుంది. క్రేన్లలో అయితే గిలక వ్యాసాన్ని తాడు వ్యాసానికి ఇంచుమించు 20 రెట్లు ఉంచుతారు. 0.4 మిల్లీమీటర్ల తీగకి ఆ లెక్కన 8 మిల్లీమీటర్ల గిలక కావాలి. మన పనిముట్టు గొట్టం లావే 5 మిల్లీమీటర్లు! డావిన్సీ పనిముట్లు ఎక్కువగా 8 మిల్లీమీటర్లు ఉండడానికీ, వాటిలో చాలావాటిని ఏళ్ల తరబడి 10 ఆపరేషన్లకే పరిమితం చెయ్యడానికీ ఈ తీగల అరుగుదల ఒక ముఖ్య కారణం.

ఇంకో చిక్కుంది. బ్రేక్ వైరు పొట్టిదైన సైకిలు హ్యాండిల్ పూర్తిగా తిప్పి చూడండి. మీరు నొక్కకుండానే బ్రేకు పట్టేస్తుంది. ఇక్కడా అంతే. మణికట్టు వంచగానే, కొసన సూదిని పట్టుకునే దవడల తీగ దారి పొడుగు మారి, పట్టుకున్న సూది జారిపోవచ్చు. అందుకే దవడల తీగని కీలు నడిమధ్య నుంచి పోనివ్వాలి, లేదా మారినంత మేర ఇంకోచోట సరిచెయ్యాలి.

అన్నిటికన్నా నన్ను పట్టి కుదిపింది ఘర్షణ. రేవులో పడవ తాడుని గుంజకి రెండు చుట్లు వేస్తే చాలు, అంత పడవని పసివాడైనా ఆపగలడు. ఒక్కో చుట్టుకీ పట్టు కొన్ని రెట్లు పెరుగుతుంది. గొట్టంలో జారే తీగకీ ఇదే సూత్రం. ఘర్షణ గుణకం (ఘర్షణ ఎంతో చెప్పే అంకె) 0.15 అనుకుంటే, తీగ 90 డిగ్రీలు వంగితే 27 శాతం, 180 అయితే 60 శాతం ఎక్కువ బలంతో లాగాలి. ఆ బలం చేతిని అలిసేలా చేస్తుంది, సరే. అంతకన్నా పెద్ద నష్టం, కొస దగ్గరి స్పర్శ కూడా ఆ ఘర్షణలోనే ఇంకిపోవడం.

ఆ మాటే డాక్టరుగారితో అంటే ఆవిడ వెంటనే అందుకున్నారు. "ఎంత వంగినా సంతోషమే మాస్టారూ. కానీ ముడి బిగిసిందో, దారం తెగబోతోందో నా వేళ్లకి తెలియాలి. అది తెలియకపోతే టెన్షనే."

రోబో ఖరీదు కోట్లలో ఉంటుంది. గుంటూరు, తెనాలి, నరసరావుపేటల్లో చిన్న ఆస్పత్రులకి మోటారు లేని, చేత్తో పట్టుకునే పనిముట్టే దారి అని నా నమ్మకం. మిషిగన్ విశ్వవిద్యాలయం ఇంజినీర్లు రూపొందించిన ఫ్లెక్స్‌డెక్స్ అలాంటిదే. దాన్ని ముంజేతికి కట్టుకుంటారు. పిడి తిరిగే కేంద్రం మన మణికట్టు కేంద్రంతో ఒకటయ్యేలా అమర్చారు కాబట్టి మన చెయ్యి ఎటు వంగితే కొస అటే వంగుతుంది.

ఇవన్నీ కుదిరినా పనిముట్టు ప్రతిసారీ శుభ్రం కావాలి. గిలకల సందుల్లో ఎండిన రక్తం 134 డిగ్రీల ఆవిరి పెట్టినా దానంతటది ఊడిరాదు, ముందే కడిగెయ్యాలి. కాబట్టి బ్రష్షు దూరే సందు ఉండాలి, ఆ సందు కోసం కీలు ఇంకాస్త సన్నబడాలి.

ప్రస్తుతం మా ల్యాబులో అసలు పరిమాణానికి 4 రెట్లు పెద్ద కీలు ఒకటి బల్ల మీద ఉంది. ఒక కొసకి తూకపు రాళ్లు, రెండో కొసకి స్ప్రింగు త్రాసు. కీలు వంచి త్రాసు చూడ్డం, గిలక మార్చి మళ్లీ వంచడం. పిల్లలు కళ్లకి గంతలు కట్టుకుని, వేళ్లతోనే రాయి బరువు చెప్పడానికి ప్రయత్నిస్తున్నారు. తిన్నగా ఉన్నప్పుడు చెప్పగలుగుతున్నారు. వంచాక తడబడుతున్నారు.