తుప్పు మీద రంగు వేస్తే తుప్పు ఆగదు

"తుప్పు మీద మంచి పెయింట్ ఒక కోటు కొట్టిస్తే చాలు కదండీ?" తుప్పు నివారణ పనిలో ఉన్నవాడిని కాబట్టి ఈ ప్రశ్న వినని వారం ఉండదు. చాలదు. ఆ డబ్బుతో తుప్పును కంటికి కనబడకుండా దాచుకున్నట్టే.

తుప్పుకు నీళ్లు, ఆక్సిజన్ రెండూ కావాలి, ఉప్పు తోడైతే ఇంకా వేగం. ఇంతవరకు అందరికీ తెలుసు. "రంగు వాటిని ఆపేస్తుంది కదా" అంటారు. శుభ్రమైన ఇనుము మీద వేస్తే చాలావరకు ఆపుతుంది. కానీ పాత తుప్పు నిండా సందులే. వాటిలో తేమ, ఉప్పు ఎప్పుడో చేరి ఉంటాయి. మీరు వాటిమీద మూత పెడుతున్నారు. పైగా ఆ రంగు పట్టుకున్నది ఇనుమును కాదు, రేపో మాపో రాలిపోయే పెచ్చును. లోపలి ఉప్పు రంగు పొర గుండా కూడా నెమ్మదిగా తేమను లాక్కుంటుంది.

నమ్మకం కుదరకపోతే, ఎమరీ పేపర్‌తో మెరిసేలా రుద్దిన ఇనుప రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి, ఆరిపోకుండా గిన్నె బోర్లించండి. కొన్ని గంటలకు చుక్క లోపల గోధుమరంగు వలయం కడుతుంది. తుడిచి చూస్తే ఇనుము తరిగింది ఆ వలయం దగ్గర కాదు, చుక్క నడిమధ్యన. గాలి బాగా అందే అంచు కాథోడ్ (ఆక్సిజన్ ఖర్చయ్యే చోటు), అందని మధ్యభాగం ఆనోడ్ (ఇనుము కరిగే చోటు). యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త పేరుతో ప్రసిద్ధమైన ప్రయోగమిది. తుప్పు కనబడేది ఒకచోట, ఇనుము పోయేది ఇంకోచోట. రంగు కింద జరిగేదీ ఇదే.

ఒక పెద్దాయన కొత్తగా రంగు వేయించిన మెట్ల రెయిలింగ్ చూపించారు. నిగనిగలాడుతోంది. కాలు నేలను తాకేచోట శనగగింజంత బొబ్బ. చాకు మొనతో గుచ్చితే ముందు నీటి చుక్క, వెనకే నల్లటి తడి ముద్ద వచ్చాయి. ఇంకొంచెం నొక్కితే చాకు పైపులోకి దిగిపోయింది. పాపం ఆయన ముఖం వాడిపోయింది. పెయింటర్‌ని తిట్టుకున్నారు గానీ, గీకడానికి వేరే కూలి అడిగితే ఇచ్చేవాళ్లెంతమంది?

చేయాల్సింది ఇది: వైర్ బ్రష్‌తోనో గ్రైండర్‌తోనో, గుంటల్లో సహా, ఇనుము తేలేదాకా గీకాలి. ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అదే రోజు ప్రైమర్ వేయాలి. రంగు ఆ తర్వాతే. రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే రసాయనం) పనికొచ్చేది గట్టిగా అంటుకున్న పల్చటి తుప్పుకు మాత్రమే, పెచ్చులకు కాదు. స్లాబులో ఊచలకు తుప్పు పడితే అది ఉబ్బి కాంక్రీటునే పగలగొడుతుంది. ఆ పగులుకు సిమెంటు పూసి ఊరుకోకండి, ఇంజనీరుకు చూపించండి.

ఇక వాసన సంగతి. ఒక తల్లి భయంగా అడిగింది: ఊయల గొలుసు పట్టుకుని ఆడిన పిల్లాడి చేతులు ఇనుము వాసన వస్తున్నాయి, అది ఒంట్లోకి పోతోందా అని. టెన్షన్ వద్దమ్మా. మామూలు వేడికి ఇనుము ఆవిరి కాదు, కాబట్టి దానికి వాసనే లేదు. చెమటకు కరిగిన ఇనుము (ఫెర్రస్ అయాన్లు) చర్మపు నూనెల్లోని పెరాక్సైడ్లనే పదార్థాలను విడగొడితే 1-ఆక్టెన్-3-ఓన్ లాంటి వాసన పదార్థాలు పుడతాయి. ఆ వాసన చర్మానిదే. గ్లిండెమన్ అనే శాస్త్రవేత్త బృందం 2006లో దీన్ని చూపించింది. రక్తం చేతికి రుద్దినా ఇలాంటి వాసనే వస్తుంది, అందులోనూ ఇనుముంది కదా. సబ్బుతో చేతులు కడిగిస్తే చాలు.

తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందంటారు గానీ, అది తుప్పు వల్ల రాదు. మట్టిలో, దుమ్ములో, పేడలో ఉండే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. మెరిసే కొత్త మేకు లోతుగా దిగినా ప్రమాదమే, కాబట్టి "తుప్పు లేదుగా" అని ఊరుకోకుండా టీకా సంగతి డాక్టర్‌ని అడగండి.

స్టెయిన్‌లెస్ స్టీల్‌కూ తుప్పు పడుతుంది. కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం దానిమీద తుప్పును ఆపే కొన్ని నానోమీటర్ల పల్చటి పొర కడుతుంది, ఉప్పునీళ్లు నిలవుంటే అది చిల్లులు పడుతుంది. మచ్చ కనబడగానే నకిలీ సరుకని దుకాణం మీదకు వెళ్లకండి. మామూలు ఇనుప పీచుతో తోమినా, ఇనుము కోసిన గ్రైండర్ బిళ్లతోనే దీన్నీ కోసినా, అంటుకున్న ఇనుప రజనే తుప్పు పట్టి అలా కనిపిస్తుంది.