మాట తగిలినప్పుడు: అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లు మొదట నిద్ర పట్టడం లేదనో, ఆఫీసులో ఒత్తిడనో, ఇంట్లో గొడవలనో చెబుతారు. కాసేపయ్యాక ఫోన్ తీసి ఒక స్క్రీన్‌షాట్ చూపిస్తారు. "చూడండి మేడమ్, ఏమన్నారో!" అందులో ఉండేది చాలాసార్లు ఒక్క వాక్యమే. అన్నవాళ్లు ఈపాటికి మర్చిపోయి ఉంటారు. పడ్డవాళ్లు నెలల తరబడి మోస్తుంటారు. హైదరాబాద్‌లో సైకాలజిస్టుగా ఈ విషయంలో నేను తరచూ వినే అపోహలు కొన్ని రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా ఉదాహరణల్లో వివరాలు మార్చాను.

అపోహ: "లైట్ తీస్కోవాలి. ప్రతి మాటకీ నొచ్చుకునేవాళ్లు బలహీనులు."

వాస్తవం: మన ఊళ్లో ఈ సలహా ఇవ్వనివాళ్లు లేరు. ఇచ్చేవాళ్లది మంచి ఉద్దేశమే. కానీ నొచ్చుకోవడం మనం కావాలని చేసే పని కాదు. 'వీళ్లు నన్ను తక్కువగా చూస్తున్నారు, పక్కన పెడుతున్నారు' అనిపించిన క్షణంలోనే మెదడు ఉలిక్కిపడుతుంది. 2003లో నయోమి ఐసెన్‌బర్గర్ బృందం 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించింది. స్కానర్‌లో పడుకున్నవాళ్ల చేత కంప్యూటర్‌లో బంతాట ఆడించారు. కాసేపయ్యాక వాళ్లకి బంతి అందకుండా చేశారు. శరీరానికి నొప్పి కలిగినప్పుడు చురుకయ్యే మెదడు భాగమొకటి అప్పుడూ చురుకైంది. ఈ రెండు నొప్పులూ మెదడులో ఎంతవరకు ఒకటే అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన నడుస్తోంది. అయితే ముక్కూమొహం తెలియనివాళ్లు ఆటలో పక్కన పెట్టినా మనిషికి బాధేస్తుందన్నది ఆ తర్వాత ఎన్నో ప్రయోగాల్లో కనిపించింది.

పైకి నవ్వేసి లోపల దిగమింగుకోవడాన్ని లైట్ తీసుకోవడం అనుకుంటారు. జేమ్స్ గ్రాస్ 1990ల నుంచి చేస్తున్న పరిశోధనలు దీనికి భిన్నంగా చెబుతున్నాయి. మొహంలో కనపడకుండా అణచుకున్నంత మాత్రాన బాధ తగ్గదు, శరీరం మీద ఒత్తిడి పెరుగుతుంది, ఆ కాసేపు జరిగింది సరిగ్గా గుర్తుండదు కూడా. జరిగినదాన్ని ఇంకోలా చూడగలిగినవాళ్లకి మాత్రం బాధే తగ్గుతుంది. బయటినుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా ఉంటారు, ఇద్దరూ ఏమీ అనరు. ఇంట్లోవాళ్లు పొరబడేది అక్కడే.

అపోహ: "నాకు బాధ కలిగిందంటే వాళ్లు కావాలనే అన్నట్టు."

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నా పనిలో సగం ఇదే. కలిగిన బాధ నిజం, అందులో అనుమానం లేదు. దాని వెంటే మనసు అల్లే కథ ఎంతవరకు నిజమన్నది విడిగా చూసుకోవాలి.

కొత్తగా పెళ్లయి ఉప్పల్‌లో కాపురం పెట్టిన ఒకమ్మాయి సంక్రాంతి పిండివంటల ఫొటో తీసి అత్తగారి తరఫు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ పువ్వులూ చప్పట్లూ పెడుతుంటే అత్తగారి చెల్లెలు, చిన్నత్తయ్య మాత్రం "అరిసెలు కొన్నవేనా?" అని రాసి పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టారు. అంతే. ఆ రాత్రి ఆ పిల్లకి నిద్ర లేదు. స్క్రీన్‌షాట్ అక్కకి వెళ్లింది, స్నేహితురాళ్లకి వెళ్లింది. "మీవాళ్లకి నేనంటే లెక్కే లేదు" అని భర్తతో పెద్ద గొడవ.

కాగితం మీద మూడు గళ్లు గీయమన్నాను. మొదటి గడిలో అవతలివాళ్లు అన్న మాట, ఒక్క అక్షరం మార్చకుండా. రెండో గడిలో తనకి వినపడింది. అక్కడ ఇలా రాసింది: "నీకు ఇల్లు నడపడం రాదు. మీ అమ్మ నీకేమీ నేర్పలేదు." రెండు గళ్లూ పక్కపక్కన చూసుకున్నాక తనే అంది, "అమ్మ మాట వాళ్లు ఎత్తనే లేదు కదా మేడమ్." మూడో గడిలో, ఇంకేమై ఉండొచ్చో రాయమన్నాను. ఇష్టం లేకుండానే రాసింది: నిజంగానే అడిగారేమో, ఎగతాళేనేమో, అత్తయ్య మీద విసురేమో, ఏమీ ఆలోచించకుండా టైప్ చేశారేమో.

తర్వాత గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేసింది. "చిన్నత్తయ్యా, ఆ మాట చూసి నాకు కష్టమనిపించింది. ఎందుకలా అన్నారు?" అవతలి నుంచి వచ్చిన జవాబు: "నిన్ననలేదమ్మా. నేను చేసి పంపిస్తానంటే మీ అత్త వద్దంది. బయట కొన్నవి తింటారు గానీ నా చేతివి పనికిరాలేదా?" అంటే విసురు ఉన్న మాట నిజమే. అది అక్కాచెల్లెళ్ల మధ్య ఎప్పటిదో లెక్క. ప్రతిసారీ ఇలాగే తేలుతుందని నేను చెప్పను. మనల్ని గుచ్చడానికే అనేవాళ్లూ ఉంటారు. అది కూడా అడిగితే తప్ప తెలియదు.

రాతలో అయితే ఊహ తప్పే అవకాశం మరీ ఎక్కువ. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిచేత ఈమెయిల్లో కొన్ని వాక్యాలు వెటకారంగానూ, కొన్ని మామూలుగానూ పంపించారు. చదివేవాళ్లు 78 శాతం సార్లు సరిగ్గా గుర్తిస్తారని పంపినవాళ్లు అనుకున్నారు. వాళ్లు గుర్తించింది 56 శాతం. కళ్లు మూసుకుని చెప్పినా సగం సరిపోతుంది! అవే మాటలు గొంతుతో వినిపిస్తే తేడా చాలావరకు పోయింది. గచ్చిబౌలిలో ఒక కుర్రాడు, టీమ్ లీడ్ పంపిన "సరే, చూద్దాం" అన్న మెసేజ్ మీద శని, ఆదివారాలు రెండూ పోగొట్టుకున్నాడు. ఒక్క ఫోన్ కాల్ చేస్తే సరిపోయేది.

చిన్నప్పుడు చీటికీమాటికీ అవమానం చూసినవాళ్లకి ఎవరి మాటలోనైనా ముందు తిరస్కారమే వినపడుతుంది. అది వాళ్లు కోరి తెచ్చుకున్న గుణం కాదు. ఒకప్పుడు ఆ జాగ్రత్తే వాళ్లని కాపాడింది.

అపోహ: "అదే మాట వాడికి తగల్లేదు, నీకెందుకు తగిలింది?"

వాస్తవం: మాట వచ్చి పడేది ఖాళీ చోట కాదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇది తెలియనిది కాదు. వరంగల్ నుంచి వచ్చి ఐటీలో చేరిన అబ్బాయితో పక్కసీటు అతను "మీ యాస భలే కామెడీగా ఉంటది బ్రో" అన్నాడు. అన్నతని లెక్కలో అది మెచ్చుకోలు. విన్నతని చెవిలో పడింది వేరు. తన ఇంట్లో మాట్లాడే భాషని ఏళ్ల తరబడి సినిమాల్లో రౌడీలకీ, పనివాళ్లకీ, నవ్వించే పాత్రలకీ పెట్టడం చూస్తూ పెరిగాడతను. బడిలో "సరిగ్గా మాట్లాడు" అనిపించుకున్నాడు. తెలంగాణ ఉద్యమంలో యాస ఆత్మగౌరవం సంగతి అయింది ఊరికే కాదు.

ఇంకోవైపు, అమ్మానాన్నలు ఎప్పుడో గుంటూరు నుంచి వస్తే కూకట్‌పల్లిలోనే పుట్టి పెరిగిన అమ్మాయిని "మీ రాష్ట్రం మీకొచ్చింది కదా, ఇంకా ఇక్కడే ఉన్నారేంటి?" అని నవ్వుతూ అడిగారట. 2014లో తనది ఇంకా స్కూలు వయసు. తనకి తెలిసిన ఊరు ఇదొక్కటే. ఈ రెండు బాధల్లో ఏది పెద్దదని నన్ను అడగొద్దు. ఇద్దరికీ నేను చెప్పింది ఒకటే, 'ఇంత చిన్న మాటకి ఇంత బాధా' అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, తగిలింది ఆ ఒక్క మాటే కాదు.

పిలుపుల్లోనూ ఇంతే. ఇక్కడ చాలా ఇళ్లలో పెద్దవాళ్లని కూడా ప్రేమగా 'నువ్వు' అనే పిలుస్తారు. కోస్తా నుంచి వచ్చిన అల్లుడికో కోడలికో అది అమర్యాదగా వినపడుతుంది. వాళ్లు వాడే 'మీరు' ఇక్కడివాళ్లకి దూరం పెట్టినట్టు ఉంటుంది. అటూఇటూ కలిసిన పెళ్లిళ్లలో మొదటి ఏడాది మనస్పర్థల్లో ఇదొకటి. నిజానికి ఎవరూ ఎవరినీ చిన్నచూపు చూడలేదు.

అపోహ: "సరదాకి అన్నాను. జోక్ అర్థం కాకపోతే అది నీ సమస్య."

వాస్తవం: సరదా మన మనసులో ఉంటుంది. అవతలివాళ్లకి అందేది మాట మాత్రమే. ఆటపట్టించేవాళ్లు తమ మంచి ఉద్దేశం ఎదుటివాళ్లకి తెలుస్తూనే ఉందని అనుకుంటారనీ, ఎదుటివాళ్లకి అది అంతగా కనపడదనీ క్రూగర్ 2006లో మరో పరిశోధనలో చూపించారు. ఫంక్షన్లో "ఏంటి, బాగా లావయ్యావ్?" అనడం, పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న జంటని పదిమందిలో "విశేషం ఏమైనా ఉందా?" అని అడగడం. అడిగినవాళ్లకి అది పలకరింపు. ఆ జంట ఆ తర్వాత పెళ్లిళ్లకి వెళ్లడమే మానేసింది.

ఇంకొకటి ఉంది, దాన్ని వీటితో కలపకూడదు. "నీకేంటి, కోటాలో వచ్చావ్" అనడం, కులం పేరుతో ఎగతాళి చేయడం. ఇలాంటి మాట పడి వచ్చినవాళ్లకి 'మూడు గళ్లు గీయండి, ఇంకో అర్థం ఉందేమో చూడండి' అని చెప్పడం అన్యాయం. మా వృత్తిలోనూ అలా చెప్పేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. అక్కడ మారాల్సింది విన్నవాళ్ల ఆలోచన కాదు. షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్లని నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆఫీసులో ఆడవాళ్ల మీద వేసే అసభ్యమైన జోకులకి 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలోనూ దానికి అంతర్గత కమిటీ ఉండి తీరాలి.

అపోహ: "కోపం కక్కేస్తే మనసు తేలికవుతుంది."

వాస్తవం: ఇది మా క్లయింట్లు అన్నిటికన్నా కష్టం మీద నమ్మే సంగతి. 2002లో బ్రాడ్ బుష్‌మన్ 600 మంది విద్యార్థుల చేత వ్యాసాలు రాయించి, 'నేను చదివిన అతి చెత్త వ్యాసాల్లో ఇదొకటి' అన్న వ్యాఖ్యతో తిరిగి ఇప్పించారు. కొందరిని ఆ వ్యాఖ్య రాసిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ని కొట్టమన్నారు. కొందరిని ఊరికే కూర్చోబెట్టారు. కొట్టినవాళ్ల కోపం ఇంకా పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్లే నయం. 2024లో ఆయనే సోఫీ క్యార్విక్‌తో కలిసి 154 అధ్యయనాలు పరిశీలించారు. గుండె వేగాన్ని తగ్గించే పనులు, అంటే నెమ్మదిగా ఊపిరి తీయడం, ధ్యానం, యోగా లాంటివి కోపాన్ని తగ్గించాయి. పరుగెత్తడం లాంటివి తగ్గించలేదు.

స్క్రీన్‌షాట్‌ని పదిమందికి పంపి, పదిసార్లు చెప్పుకోవడం కూడా ఆ బ్యాగ్‌ని కొట్టడమే. చెప్పినప్పుడల్లా ఆ మాట మళ్లీ కొత్తగా తగులుతుంది. ఒక్కరికి చెప్పుకోండి. అదీ "అవునవును, ఎంత మాటన్నారు!" అనేవాళ్లకి కాకుండా, "సరే, ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావ్?" అని అడిగేవాళ్లకి.

అపోహ: "ఎదురుగా ఉంటే అనరు. ఆన్‌లైన్ వల్లే మనుషులు ఇలా అయ్యారు."

వాస్తవం: కొంత నిజం. మొహం కనపడకపోవడం, పేరు దాచుకునే వీలు ఉండటం వల్ల నోటికి అదుపు తప్పుతుందని జాన్ సూలర్ 2004లోనే రాశారు. కానీ అమెరికా, డెన్మార్క్‌లలో రాజకీయ చర్చల మీద చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఆన్‌లైన్‌లో దురుసుగా ఉండేవాళ్లు బయట కూడా దురుసువాళ్లేనని తేలింది. ఫోన్‌లో వాళ్ల మాట మనందరి కంట పడుతుంది, అదే తేడా. అలాంటివాళ్లని బ్లాక్ చేయడం పారిపోవడం కాదు.

అపోహ: "నా మనసు నొప్పించారు, కేసు పెట్టేయొచ్చు."

వాస్తవం: చిరాకు కలిగించే, కించపరిచే మెసేజ్‌లని నేరం చేసిన ఐటీ చట్టం సెక్షన్ 66ఏని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. బెదిరింపులు, వెంటపడి వేధించడం, అసభ్యమైన ఫొటోలు, పరువునష్టం వేరు, వాటికి వేరే సెక్షన్లున్నాయి. వేధింపులకు గురవుతున్న ఆడపిల్లలు నగరంలో 2014 నుంచి పనిచేస్తున్న పోలీసుల షీ టీమ్స్‌ని సంప్రదించొచ్చు.

అపోహ: "అడిగితే బంధాలు తెగిపోతాయి."

వాస్తవం: ఎలా అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. గ్రూపులో అడిగితే అవతలివాళ్లు జవాబివ్వరు, పరువు కాపాడుకుంటారు. విడిగా అడగండి. ఆ రోజే అక్కర్లేదు, ఒక రాత్రి పోనివ్వండి. "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెట్టొద్దు. అన్న మాటని ఉన్నదున్నట్టు చెప్పి, మీకేమనిపించిందో చెప్పి, వాళ్ల ఉద్దేశం అడగండి. "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అని వస్తే అది సగం సారీ. తీసుకోవాలో వద్దో మీ ఇష్టం. అడిగాక కూడా అదే మాట మళ్లీ మళ్లీ అంటుంటే, రాకపోకలు తగ్గించుకోవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఆ మాట గుర్తొచ్చి ఆఫీసుకో చుట్టాలింటికో వెళ్లడం మానేసినా, బతకాలని అనిపించకపోయినా ఇంకా ఆగొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలో చేసినా పలుకుతారు, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నేరుగా వెళ్లాలనుకుంటే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో ఓపీ ఉంటుంది.