ముందు బార్‌ని వదలడం నేర్చుకోండి

చిరంజీవులకు ఆశీస్సులు.

వ్యాయామశాలలో చేరదామనుకుంటున్నామనీ, అక్కడ మాస్టారు బరువులెత్తించడం తప్ప ఇంకేం నేర్పుతారనీ అడిగారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెయిట్‌లిఫ్టింగ్‌కి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో డబ్బుండదు, దారి చెప్పేవాళ్లూ ఉండరు. వాళ్లకి మాస్టారు ఒక్కరే దిక్కు. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగ్గానే ఉంటుంది.

మొదటి రోజుల్లో మీ చేతికి ఇనుము రాదు. పీవీసీ పైపో, వెదురు కర్రో ఇస్తారు. దాంతో మంచి మాస్టారు మొట్టమొదట నేర్పేది వదిలెయ్యడం. బార్ అంటే ప్లేట్లు తగిలించే ఇనుప కడ్డీ. స్నాచ్‌లో, అంటే బార్‌ని నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడంలో, పైకి వెళ్లిన బార్ ముందుకు తూలితే దాన్ని ముందుకే తోసి మీరు వెనక్కి గెంతాలి. వెనక్కి పోతుంటే పిడికిళ్లు విప్పేసి ముందుకు గెంతాలి. ఇది కర్రతో పదిసార్లు, ఉత్త బార్‌తో ఇంకో పదిసార్లు చేయిస్తారు. వదలడం రాని పిల్ల సిగ్గుపడి బార్‌ని పట్టుకు వేలాడుతుంది, మోచెయ్యి మెలిపడుతుంది. పడేసినందుకు మంచి మాస్టారు ఎప్పుడూ కోప్పడరు. పట్టుకు వేలాడితే మాత్రం కోప్పడతారు. ఇంట్లో గ్లాసు జారిపడినా దెబ్బలు తిన్న పిల్లలకి ఈ సంగతి తలకెక్కడానికి నెల పడుతుంది.

తర్వాత బార్. ఆడవాళ్లది 15 కిలోలు, మగవాళ్లది 20. ప్లేట్లకి రంగులుంటాయి: ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. పక్కవాడి బార్‌కి పసుపు ప్లేట్లు పడగానే మీకూ చెయ్యి దురద పెడుతుంది. అక్కడే నడుం పాడవుతుంది. పద్ధతి కుదరకముందే బరువు పెంచితే వీపు గుండ్రంగా వంగిపోతుంది, మోచేతులు ముందే ముడుచుకుంటాయి. కాళ్లు చెయ్యాల్సిన పని నడుం మీద పడుతుంది. అలవాటైపోయిన తప్పుని సరిచెయ్యడానికి, నేర్చుకోడానికి పట్టిన కాలం కంటే ఎక్కువే పడుతుంది.

ఇక నోటుపుస్తకం. రోజూ తారీకు, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఒంటి బరువు, చేసిన పని రాయాలి. 30×2×4 అంటే 30 కిలోలు, రెండేసిసార్లు, నాలుగు దఫాలు. లేచినదానికి టిక్కు, లేవనిదానికి ఇంటూ. పదిమంది పిల్లలుంటే ఇద్దరు ముగ్గురు ఇంటూ పెట్టాల్సినచోట టిక్కు పెడతారు. తిట్టడం, అందరి ముందూ పుస్తకం చదివి పరువు తియ్యడం చేస్తే పిల్ల మర్నాటి నుంచి ఇంకా తెలివిగా అబద్ధం రాస్తుంది. తెలిసిన మాస్టార్లు వేరే పని చేస్తారు. పోటీల్లో ముగ్గురు రిఫరీలుంటారు, తెల్ల దీపం వెలిగితే సరి, ఎర్ర దీపమైతే కాదు, ఇద్దరు చెప్పిందే తీర్పు. దీన్నే శాలలో ఆడిస్తారు. ముగ్గురు పిల్లలు ప్లాట్‌ఫాం ముందు కూర్చుంటారు, ఒక్కొక్కరి చేతిలో ఓ తెల్ల అట్టముక్క, ఓ ఎర్ర అట్టముక్క. ఎత్తేది వాళ్ల స్నేహితురాలే. బార్ పైకి వెళ్లింది, కానీ చివర్లో మోచెయ్యి వంగి మళ్లీ తిన్నగా అయింది. రూలు ప్రకారం అది నో లిఫ్ట్, ఎత్తినట్టు లెక్క కాదు. మధ్యలో కూర్చున్న పిల్ల పక్కలకి చూస్తుంది, అట్ట ఎత్తదు. మాస్టారు ఒక్కమాటా అనకుండా ఆగుతారు. చివరికి ఎర్ర అట్ట లేస్తుంది. స్నేహితురాలు ఆ పూట మాట్లాడదు. రెండోరోజు కుర్చీలో కూర్చునేది ఆమె. ఇలా ఓ నెల తిరిగేసరికి పుస్తకాల్లో ఇంటూలు వాటంతటవే కనబడతాయి.

తిండి సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన పిల్లకి మూడో దఫాకి కళ్లు తిరుగుతాయి. "తిన్నావా?" అని పదిమందిలో అడిగితే తిన్నానంటుంది. అందుకే తెలివైనవాళ్లు అడగరు. ఉడికించిన శనగలో, గుడ్డో, అరటిపండో అందరికీ పెడతారు, ఉన్నింటి పిల్లలకి కూడా. గట్టి మడమ ఉండే లిఫ్టింగ్ బూట్లూ అంతే. పేద పిల్లకి విడిగా కొనిచ్చి ఫొటో తీయించరు. నాలుగైదు సైజుల్లో శాలకే కొని అరలో పెడతారు. ఎవరైనా వేసుకోవచ్చు, తుడిచి మళ్లీ అక్కడే పెట్టాలి. సాయం చేసినట్టు పిల్లకి తెలియకూడదు, బూట్లు మాత్రం సరిపోవాలి.

పోటీల్లో స్నాచ్‌కి మూడు, క్లీన్ అండ్ జర్క్‌కి (బార్‌ని ముందు భుజాల దాకా, అక్కడి నుంచి తల పైకి, రెండు అంచెల్లో ఎత్తడం) మూడు అవకాశాలు. పోటీకి రెండు గంటల ముందు తూకం మొదలవుతుంది. అక్కడే మొదట ఎత్తబోయే బరువులు కార్డు మీద వేసి సంతకం చెయ్యాలి. పేరు పిలిచాక నిమిషం టైము. మూడు స్నాచ్‌లూ పోతే మొత్తం లెక్కలోకే రాదు. కాబట్టి మొదటిది రోజూ లేచే బరువు అయ్యుండాలి. గొప్పకి పోయి వేసుకునే బరువు కాదు.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటకి చెందిన కరణం మల్లీశ్వరి పేరు మీకు తెలుసు. తొలి గురువు నీలంశెట్టి అప్పన్న. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 ఎత్తింది. మొత్తం 240. పసిడి, రజతం గెలిచిన ఇద్దరి మొత్తమూ 242.5. క్లీన్ అండ్ జర్క్ ఆఖరి అవకాశంలో పసిడి కోసం 137.5 వేశారు, లేవలేదు. కాంస్యంతోనే ఆమె ఒలింపిక్ పతకం నెగ్గిన తొలి భారత మహిళ అయింది. ఆ 137.5 సరైన లెక్కా కాదా అని అరుగుల మీద ఇప్పటికీ వాదించుకుంటారు. నా మాట అడిగితే, పసిడి చేతికందేంత దూరంలో ఉన్నప్పుడు దానికోసం వెళ్లడంలో తప్పు లేదు. మీ పోటీల్లో అలాంటి లెక్క తప్పితే మాస్టారు ఎలా నడుచుకుంటారో మాత్రం చూడండి. "బరువు నేను వేయించాను, తప్పు నాది" అనే మాస్టారు దగ్గర పిల్లలు సాకులు చెప్పడం మానేస్తారు. పిల్ల మీదికి తోసేవాళ్ల దగ్గర పిల్లలూ తోసెయ్యడమే నేర్చుకుంటారు.

ఇప్పుడు అడ్డదారులు. పేదింటి పిల్లల దగ్గరికే ఇవి ముందొస్తాయి. పతకమొస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగమొస్తుందన్న ఆశ ఇంటిల్లిపాదికీ ఉంటుంది కదా.

విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొదట కాంస్యం గెలిచింది. పసిడి గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో పట్టుబడడంతో సంతోషికి రజతం వచ్చింది. ఆ నైజీరియా అమ్మాయికి అప్పుడు పదహారేళ్లు. దొరికినవి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు. వాటితో ఒంట్లో నీరు పోయి తూకం తగ్గుతుంది, వేరే మందుల జాడా పలచబడుతుంది, అందుకే నిషేధం. పదహారేళ్ల పిల్ల ఆ మాత్రల పేరు తనంతట తను కనుక్కుందంటే నేను నమ్మను. ఒంట్లో దొరికితే జవాబుదారీ ఆటగాళ్లదే, ఎవరిచ్చినా సరే. నిషేధం నాలుగేళ్ల దాకా పడొచ్చు. పేరు లేని పొడి డబ్బాలు, ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్లు ముట్టుకోవద్దు. జలుబుకి మందు రాసే డాక్టరుకి కూడా మీరు క్రీడాకారులని చెప్పండి.

తూకం కోసం నీళ్లు మాన్పించి, ప్లాస్టిక్ కోటు తొడిగి పరిగెత్తించేవాళ్లున్నారు. ఎదిగే పిల్లలకి అది పిక్కలు పట్టెయ్యడంతో మొదలై కళ్లు తిరిగి పడిపోయేదాకా పోతుంది. రెండు కిలోలు పెరిగిన పిల్లని పై విభాగంలో ఆడించేవాళ్లే మాస్టార్లు.

ఇంకోటి, వయసు దిద్దడం. "రెండేళ్లు తగ్గించి రాయిద్దాం, పతకం ఖాయం" అంటారు. సర్టిఫికెట్ మీద నాన్న చేత సంతకం పెట్టిస్తారు. అంటే ఆ అబద్ధంలో ఇంట్లోవాళ్లూ ఇరుక్కున్నట్టే. బయటపడితే పతకమూ పోతుంది, దాన్ని చూసి ఇచ్చిన ఉద్యోగమూ పోతుంది. బయటపడకపోయినా, చిన్నవాళ్లమీద సులువుగా గెలిచిన పిల్ల సీనియర్లలోకి వచ్చేసరికి తట్టుకోలేదు, ఆట మానేస్తుంది.

మాస్టారు మంచివాళ్లో కాదో మీరూ చూసుకోవాలి. శాల తలుపులు తెరిచే ఉండాలి. మసాజ్ పేరుతో ఒంటరిగా గదిలోకి రమ్మనకూడదు, రాత్రిపూట మెసేజులు పెట్టకూడదు. కొట్టడం శిక్షణ కాదు. "ఇంట్లో చెప్పొద్దు" అన్న మాట వినబడిందా, ఆ పూటే ఇంట్లో చెప్పండి. ఇంట్లో వినకపోతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు. ఎంత పతకాల మాస్టారైనా ఇందులో మినహాయింపు లేదు.

సోమవారం వెళ్లేటప్పుడు వదులుగా ఉండే నిక్కరు, బనీను, నీళ్ల సీసా, తువ్వాలు పట్టుకెళ్లండి. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. వంద పేజీల నోటుపుస్తకం చాలు. మొదటి పేజీలో తారీకు వేసి, బరువు అన్నచోట సున్నా రాయండి. పైపుకి బరువేముంటుంది.

మీ తాతయ్య