మా బావమరిది ఊరికి టీమ్ ఎందుకు లేదు?

ఐపీఎల్ మ్యాచ్ అయ్యాక రాత్రి పదకొండున్నరకి ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర నిలబడితే హైదరాబాద్ టీమ్ ఎంత దూరం విస్తరించిందో కనిపిస్తుంది. నారింజ జెర్సీల్లో చాలామంది మెట్రో మెట్లెక్కరు. "హన్మకొండ, హన్మకొండ" అని కండక్టర్ కేకేస్తున్న బస్సు వైపు పరిగెడతారు. ఒకసారి జనగామ కుర్రాడొకడు ఇల్లు చేరేసరికి రెండవుతుందని, పొద్దున్నే డ్యూటీ ఉందని చెప్పాడు. మరెందుకు వచ్చావంటే, "ఏడాదికి ఒక్క మ్యాచే కదన్నా" అన్నాడు.

ఆ "ఒక్క మ్యాచ్"లోనే సగం లెక్క ఉంది. వాల్టర్ క్రిస్టాలర్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త 1933లో దక్షిణ జర్మనీ ఊళ్ళను చూసి రెండు ప్రశ్నలు వేసుకున్నాడు. ఒక వ్యాపారం బతకాలంటే కనీసం ఎంతమంది కొనాలి? దానికోసం జనం ఎంత దూరం వస్తారు? ఉప్పు ప్యాకెట్ కోసం ఎవరూ సందు దాటరు, అందుకే సందుకో కిరాణా కొట్టు. పెళ్ళి పట్టుచీరలకైతే జనగామ నుంచి హైదరాబాద్ దాకా వస్తారు. ఆటల టీమ్ కూడా పట్టుచీరల దుకాణం లాంటిదే. కాకపోతే ఎన్నిసార్లు రమ్మంటోంది అన్నది చూడాలి.

అమెరికా బేస్‌బాల్ టీమ్ ఏడాదికి 81 మ్యాచ్‌లు సొంత మైదానంలో ఆడుతుంది. అన్నిసార్లు దూరం నుంచి ఎవరొస్తారు? చుట్టుపక్కల జనమే స్టేడియం నింపాలి, కాబట్టి మహానగరం తప్పదు. అదే వాళ్ళు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట (ఎక్కువగా చేతులతోనే ఆడతారనుకోండి) సొంతగడ్డ మీద ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో మ్యాచ్‌లే. అందుకే గ్రీన్ బే అనే లక్ష పైచిలుకు జనాభా ఊళ్ళో 80 వేల మంది పట్టే స్టేడియం ఉంది, దాన్ని నింపే టీమూ ఉంది. పైగా 1961లో వచ్చిన చట్టం పుణ్యమా అని ఆ లీగ్‌లో టీవీ డబ్బు అందరూ సమంగా పంచుకుంటారు. న్యూయార్క్ టీమ్‌కి ఎంతో గ్రీన్ బేకీ అంతే.

హవాయి దీవుల్లోని హోనొలులుకి గ్రీన్ బే కన్నా జనం చాలా ఎక్కువ, అయినా పెద్ద లీగ్ టీమ్ ఒక్కటీ లేదు. ప్రత్యర్థి ప్రతిసారీ కనీసం ఐదు గంటలు సముద్రం మీద ఎగరాలి. 1958లో న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాకి రెండు బేస్‌బాల్ టీమ్‌లు కలిసే వెళ్ళడానికి ఒక కారణం ఇదే: ఒక్క టీమ్ కోసం ఖండం దాటి రావడం మిగతావాళ్ళకి గిట్టదు.

ఇక వైజాగ్. అక్కడుండే మా బావమరిది ప్రతి వేసవిలో రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని వచ్చి ఒక మ్యాచ్ చూసి పోతాడు. "మాకేం తక్కువ బావా?" అంటాడు. నిజానికి జనం తక్కువ కాదు, స్టేడియం ఉంది, ఐపీఎల్ టీమ్‌కి సొంత మ్యాచ్‌లు ఏడే. గ్రీన్ బే లెక్కన ఎప్పుడో రావాలి. అడ్డం పడుతున్నది లీగ్‌లో టీమ్‌లకున్న చోట్ల సంఖ్య. రెండు నెలల్లో 74 మ్యాచ్‌లు, పది టీమ్‌లు. 2023 నుంచి ఐదు సీజన్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకు పోయాయి. బోర్డు వాటా పోగా మిగిలింది పది మందీ పంచుకుంటారు. పదకొండో విస్తరి వేస్తే అందరికీ కూర తగ్గుతుంది. 2021లో రెండు విస్తళ్ళు వేసినప్పుడు లక్నోకి పలికిన ధర 7,090 కోట్లు. పోటీలో నిలిచిన ఇండోర్, కటక్, గువాహటి, ధర్మశాల ఖాళీ చేతులతో మిగిలాయి. ఆ జాబితాలో వైజాగ్ పేరే లేదు.

పెద్ద నగరమైతే చాలా అంటే అదీ కాదు. 1950ల్లో రోవర్స్ కప్ అనే ఫుట్‌బాల్ టోర్నీని వరుసగా ఐదుసార్లు కొట్టిన పోలీస్ టీమ్ ఉన్న హైదరాబాద్‌లో, 2021-22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన ఫుట్‌బాల్ క్లబ్ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఆ లీగ్‌లో పంచుకోవడానికి అంత టీవీ డబ్బు లేదు.

2025 మార్చి 30న సన్‌రైజర్స్ వైజాగ్‌లోనే ఆడింది, అతిథిగా. ఆరోజు వైజాగ్‌ని సొంత మైదానంగా పెట్టుకున్న టీమ్ ఢిల్లీ! మావాడు నారింజ జెర్సీ వేసుకునే వెళ్ళాడు. ఢిల్లీ ఏడు వికెట్లతో గెలిచింది. రాత్రి ఫోన్ చేసి, "రైలు ఛార్జీలు మిగిలాయి బావా, అంతే" అన్నాడు.