పొర మీద పొర: గ్రూప్ మెసేజింగ్ స్టాక్‌ల వెనక నలభై ఏళ్ల తగవు

పెళ్లి పనుల గ్రూపులో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. "బస్సు ఎన్నింటికి?" అన్న ప్రశ్న ఇంకా రాకముందే, "ఆరింటికి" అన్న జవాబు ఎవరి ఫోన్లోనో వాలిపోతుంది. మనం నవ్వుకుని వదిలేస్తాం. ఆ గ్రూపులో ఉన్నది మేనమామలూ పిన్నులూ కాకుండా స్టాక్ ఎక్స్ఛేంజ్ సర్వర్లయితే మాత్రం నవ్వలేం. ఒక సర్వర్‌కి కొనుగోలు ముందు, ఇంకోదానికి అమ్మకం ముందు అందితే రెండిటి లెక్కలూ ఇక ఎప్పటికీ కలవవు.

ఒక మెసేజ్ గుంపులో అందరికీ చేరాలి, ఒకే వరసలో చేరాలి, మధ్యలో ఎవరైనా పడిపోయినా మిగతావాళ్లు ఏకమాట మీద ఉండాలి. ఈ మూడు పనులనూ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ పెట్టాలి? అంతా ఒకే ముద్దగానా, ఒకదాని మీద ఒకటి పేర్చిన విడివిడి పొరలుగానా? (ఆ పేర్పునే 'స్టాక్' అంటారు.)

ఈ కథ మెసేజింగ్ యాప్‌లకన్నా చాలా ముందే మొదలైంది. దూరదూరంగా ఉన్న కంప్యూటర్ల గడియారాలు కలవకపోయినా, ఏది ముందు ఏది వెనక అన్నది కార్యకారణ సంబంధాన్ని బట్టి చెప్పవచ్చని లెస్లీ లాంపోర్ట్ 1978లో చూపించాడు. 1985లో స్టాన్‌ఫర్డ్‌కి చెందిన డేవిడ్ చెరిటన్, విల్లీ జ్వానెపోల్ తమ 'వీ' సిస్టమ్‌లో ప్రాసెస్ గ్రూపుల (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల గుంపుల) గురించి రాశారు. ఒక పేరుకి పంపితే గుంపులో అందరికీ వెళ్తుంది. అందరికీ అందిందా లేదా అన్న పూచీ మాత్రం సిస్టమ్‌ది కాదు.

ఆ పూచీని నెత్తికెత్తుకున్నది కోర్నెల్ విశ్వవిద్యాలయంలో కెన్ బర్మన్ బృందం. వాళ్ల సిస్టమ్ పేరు ఐసిస్. 1987లో బర్మన్, థామస్ జోసెఫ్ కలిసి 'వర్చువల్ సింక్రొనీ' అన్న ఆలోచనను వివరించారు. ఏ క్షణానికి గుంపులో ఎవరెవరు ఉన్నారన్న జాబితాను 'వ్యూ' అంటారు. ఒకరు చేరినా పోయినా కొత్త వ్యూ వస్తుంది. ఒక వ్యూ నుంచి తర్వాతి వ్యూకి కలిసి నడిచిన వాళ్లందరికీ ఆ మధ్యలో అందిన మెసేజ్‌లు ఒకటే అయి ఉండాలి. ఈ హామీ ఒక్కటి ఉంటే పైన ప్రోగ్రామ్ రాసేవాడికి సగం టెన్షన్ తగ్గుతుంది. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్, స్విస్ ఎక్స్ఛేంజ్, ఫ్రాన్స్ విమాన రాకపోకల నియంత్రణ వ్యవస్థ ఐసిస్ మీద నడిచాయంటే దాని సత్తా తెలుస్తుంది.

అయితే ఐసిస్ ఒకటే పెద్ద ముద్ద. వరస అక్కర్లేని ప్రోగ్రామ్ కూడా వరస ఖర్చు భరించాల్సిందే.

ఆ లోపాన్ని సరిదిద్దేలోపే ఇంకో దెబ్బ తగిలింది. 1993లో చెరిటన్ (అవును, ప్రాసెస్ గ్రూపుల చెరిటనే), డేల్ స్కీన్‌తో కలిసి, మెసేజ్‌లను వరసపెట్టే పనిని కమ్యూనికేషన్ పొరకు అప్పగించడమే తప్పని వాదించాడు. వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. రాజు గ్రూపులో ఒక మాట పెట్టి, సుజాతకి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ విని సుజాత గ్రూపులో ఇంకో మాట పెడుతుంది. రెండో మాటకి మొదటిదే కారణమని కింది పొరకి ఎలా తెలుస్తుంది? ఫోన్ దాని కంటపడదు కదా. అసలు అర్థం తెలిసినది పైన ఉన్న ప్రోగ్రామ్‌కే కాబట్టి, వరస సంగతి కూడా అదే చూసుకోవాలన్నారు. బర్మన్ ఒప్పుకోలేదు, జవాబు రాశాడు. నా మటుకు నాకు ఇద్దరి మాటలోనూ నిజం కనిపిస్తుంది. అయితే ప్రతి ప్రోగ్రామర్‌నీ సొంతంగా వరస రాసుకోమంటే ఏమవుతుందో ఆ పని చేసినవాళ్లకు బాగా తెలుసు.

పొరల ఆలోచన అప్పటికే గాలిలో ఉంది. నెట్‌వర్క్‌కి ఏడు పొరల నమూనాను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 1984లో ప్రమాణంగా ప్రకటించింది. అదే ఏడాది యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చే 'స్ట్రీమ్స్' పద్ధతిని డెన్నిస్ రిచీ వివరించాడు. అరిజోనా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎక్స్-కెర్నల్ అనే సిస్టమ్ అదే దారిలో నడిచింది. వీటన్నిటినీ గ్రూప్ కమ్యూనికేషన్‌లోకి తెచ్చినది ఐసిస్ తర్వాత అదే కోర్నెల్లో పుట్టిన హోరస్. దాని ప్రధాన రూపశిల్పి రాబర్ట్ వాన్ రెనెస్.

హోరస్ కిటుకు ఒకటే. ప్రతి పొరకీ పైనా కిందా ఒకే ఆకారం. టిఫిన్ క్యారియర్ గిన్నెలు ఎలా ఒకదానిలో ఒకటి కూర్చుంటాయో అలాగ. కావలసిన గిన్నెలే పెట్టుకోవచ్చు. వాళ్లు తరచూ చూపే స్టాక్‌ని అడుగునుంచి చూద్దాం. అన్నిటికన్నా కింద 'కామ్', ప్యాకెట్‌ని నెట్‌వర్క్ మీదకి విసిరేస్తుంది, అంతే. దాని మీద 'నాక్'. ఇది ప్రతి మెసేజ్‌కీ నంబర్ వేస్తుంది. 5 తర్వాత 7 వస్తే "6 ఏదీ?" అని పంపినవాడిని అడిగి తెప్పిస్తుంది. ఆ పైన 'ఫ్రాగ్', పెద్ద మెసేజ్‌ని ముక్కలు చేసి అవతల అతికిస్తుంది. ఆ పైన 'మెంబర్‌షిప్', ఎవరైనా పడిపోతే మిగిలినవాళ్ల దగ్గర అరకొరగా ఉన్న మెసేజ్‌లు పంచుకునేలా చేసి అప్పుడు కొత్త వ్యూ ప్రకటిస్తుంది. అన్నిటికీ పైన 'టోటల్', అందరికీ ఒకే వరస ఖాయం చేస్తుంది. వరస అక్కర్లేదా? టోటల్ తీసేయండి, మిగతాది పనిచేస్తుంది.

గిన్నెలకి ఒకే ఆకారం ఉంది కదా అని ఏది ఎక్కడైనా పెట్టేయడం కుదరదు. సాంబారు గిన్నె అన్నిటికన్నా పైన పెట్టి చూడండి తెలుస్తుంది. ముక్కలు వరసగా, ఒక్కటీ పోకుండా వస్తాయన్న నమ్మకంతోనే ఫ్రాగ్ అతుకుతుంది. దాన్ని నాక్ కిందకి తోస్తే ఆ నమ్మకం పోతుంది. కాబట్టి ఏ పొరకి కిందనుంచి ఏ హామీలు కావాలి, అది పైకి ఏ హామీలు ఇస్తుంది అన్నది పట్టికలుగా రాసి, ఏ పేర్పు చెల్లుతుందో తేల్చే పద్ధతి కూడా హోరస్ వాళ్లు పెట్టుకున్నారు. ఆ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

ఇక ఖర్చు. ప్రతి పొరా మెసేజ్ ముందు తన సమాచారపు చీటీ, అంటే 'హెడర్' తగిలిస్తుంది. నాలుగు అక్షరాల మెసేజ్ మీద అంతకు ఎన్నో రెట్ల చిరునామాలూ నంబర్లూ కూర్చుంటాయి. పైగా ప్రతి పొర గడపా దాటాలి. 1996లో వాన్ రెనెస్ దీనికి మందు చూపించాడు. ఎవరి నుంచి ఎవరికి అన్న సమాచారం మెసేజ్ మెసేజ్‌కీ మారదు. దాన్ని ఒకసారి పంపి, ఆ తర్వాత చిన్న గుర్తు మాత్రమే పంపితే చాలు. పొరలన్నిటి హెడర్లనూ ఖాళీ లేకుండా ఒకే చోట సర్దవచ్చు. తర్వాతి హెడర్ ఎలా ఉంటుందో ముందే ఊహించి పెట్టుకుని, మెసేజ్‌ని ముందు పంపేసి, పొరల లెక్కలు తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. రద్దీ హోటల్లో ప్లేటు ముందు ఇచ్చేసి బిల్లు తర్వాత రాసుకున్నట్టు. ఎంఎల్ అనే ఉన్నత స్థాయి భాషలో రాసిన నాలుగు పొరల స్టాక్ మీద, ఏటీఎం నెట్‌వర్క్‌లో (డబ్బులిచ్చే యంత్రం కాదు, అదొక రకం నెట్‌వర్క్), మెసేజ్ వెళ్లి జవాబు రావడానికి దాదాపు 170 మైక్రోసెకన్లు పట్టింది. మునుపటితో పోలిస్తే అది పదో వంతు.

ఎంఎల్ దారిలోనే మార్క్ హేడెన్ హోరస్‌కి వారసుడైన ఎన్‌సెంబుల్‌ని ఓకామెల్ భాషలో నిర్మించాడు. చిన్న పొరలు కాబట్టి గణితంతో రుజువు చేయవచ్చన్నది ఆశ. ఆ రుజువు రాస్తుండగానే వరస ఖాయం చేసే కోడ్‌లో ఒక తప్పు బయటపడింది. 1999లో ప్రచురించారు. అంత చేయి తిరిగినవాళ్ల కోడ్‌లోనే తప్పు దాక్కుంది మరి.

ఇవాళ ఈ వంశంలో ఎక్కువమంది చేతికి వచ్చేది జేగ్రూప్స్. కోర్నెల్లో ఉన్న రోజుల్లో బేలా బాన్ మొదలుపెట్టిన జావా లైబ్రరీ. జేబాస్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్లను ఒక గుంపుగా (క్లస్టర్‌గా) కలిపే భాగం, ఇన్ఫినిస్పాన్ అనే డేటా నిల్వ సాఫ్ట్‌వేర్ దీని మీదే నిలిచాయి. స్టాక్ అంతా ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో ఉంటుంది. పై వరసలో ప్యాకెట్లు పంపే యూడీపీ, ఆ తర్వాత గుంపులో ఎవరున్నారో వెతికే పింగ్, ఇలా ఒక్కో పొరకీ ఒక్కో లైను. ఫైల్‌లో పైనున్నది స్టాక్‌లో అడుగున ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు తలకిందులుగా చదవడం మామూలే.

పొరల పద్ధతిలోని అసలు బలహీనత కూడా ఇక్కడే బయటపడింది. మెసేజ్ మీద తన హెడర్ ఉంటే తీసి చూడటం, లేకపోతే "నాది కాదు" అని పైకి పంపేయడం పొరలకి అలవాటైన మర్యాద. నాక్ పొర అలా చేస్తే ఏ నష్టమూ లేదు. కాపలా పొర చేస్తే? కొత్తగా చేరే నోడ్ల (క్లస్టర్‌లోని కంప్యూటర్ల) మెసేజ్‌ల మీద ఎన్‌క్రిప్షన్ (రహస్య లిపి), ఆథెంటికేషన్ (గుర్తింపు తనిఖీ) పొరల హెడర్లు తప్పనిసరిగా ఉండాలని జేగ్రూప్స్ పట్టుపట్టడం లేదని 2016లో తేలింది. హెడర్ పెట్టకుండా వస్తే కాపలా దాటేసి, క్లస్టర్‌లో మెసేజ్‌లు చదవచ్చు, పంపవచ్చు. భద్రతా లోపాల బహిరంగ జాబితా అయిన సీవీఈలో సీవీఈ-2016-2141గా నమోదైన లోపం ఇది. గేటు దగ్గర చీటీ ఉన్నవాళ్లనే ఆపి సోదా చేసి, చీటీ లేనివాళ్లని లోపలికి వదిలేసినట్టు.

ఇప్పుడు తగవు మళ్లీ మొదటికి వచ్చింది, ఈసారి మన ఫోన్లలోకి. గ్రూప్ చాట్‌లకి రహస్య భద్రత ఇచ్చే ఎంఎల్ఎస్ ప్రమాణాన్ని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ ఐఈటీఎఫ్ 2023 జులైలో ఆర్ఎఫ్‌సీ 9420గా ప్రచురించింది. ఒకరు చేరినా పోయినా 'కమిట్' అనే మెసేజ్‌తో గ్రూప్ కొత్త 'ఎపాక్'లోకి, కొత్త తాళాలతో అడుగుపెడుతుంది. ఐసిస్ చదివినవాళ్లకి ఇది వ్యూకి దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. ఒక ఎపాక్ నుంచి ఒక్క కమిటే చెల్లాలి. ఇద్దరు ఒకేసారి పంపితే ఏది నిలవాలి, అందరూ ఆ ఒక్కదాన్నే ఎలా ఎంచుకోవాలి? ఎంఎల్ఎస్ దాన్ని తాను తేల్చదు. ఆ వరస సంగతి మెసేజ్‌లు చేరవేసే 'డెలివరీ సర్వీస్', దాన్ని వాడే యాప్ కలిసి చూసుకోవాలని వదిలేసింది.