కోసే ముందే వేళ్లు

మా కావలి ఇంటి పెరట్లో కొబ్బరిచెట్టుకు పాకిన మనీప్లాంట్ ఆకు ఒక్కొక్కటి విస్తరంత ఉంటుంది. వరండాలో సీసాలో ఉన్నదీ దాని ముక్కే, కానీ దాని ఆకు అరచేతిని దాటదు. ఈ తీగ ఆసరా పట్టుకుని పైకి పాకితే ఆకులు పెద్దవవుతాయి, అంచులు చీలుతాయి. కిందికి వేలాడితే చిన్నవిగానే ఉండిపోతాయి.

ఆ పెద్దాకుల కొమ్మ కావాలని అందరూ అడుగుతారు. ఒక మే నెలలో అలాగే కోసి బకెట్ నీళ్లలో పెట్టాను. మూడు రోజులకే ఆకులు వడిలిపోయాయి. పెద్ద ఆకు నుంచి నీరు ఎక్కువగా ఆవిరవుతుంది, వేరు లేని కాడ అంత నీటిని అందించలేదు. దానికి తోడు మా నెల్లూరు జిల్లా పడమటి గాలి. చిన్న తీగకైతే నీళ్ల సీసా చాలు. పెద్ద ఆకుల తలకు మాత్రం గాలి అంటు కట్టాలి, అంటే కోయకముందే తీగ మీదే దానికి వేళ్లు పుట్టించాలి.

నిమ్మకూ జామకూ కట్టే అంటు ఇదే. వాటికి కొమ్మ చుట్టూ బెరడును ఉంగరంలా ఒలుస్తారు. ఆకులు తయారుచేసిన చక్కెర బెరడు గుండానే కిందికి దిగుతుంది. దారి తెగడంతో ఆ చక్కెర, కొమ్మ కొస నుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోను గాటుకు పైన పోగవుతాయి. వేళ్లు అక్కడే పుడతాయి. లోపలి చెక్క గుండా నీరు ఎప్పటిలాగే పైకి పోతుంటుంది కాబట్టి ఆకులు వాడవు.

మనీప్లాంట్‌కు మాత్రం ఒలవకండి. వరి, అరటిలాగా ఇది ఏకదళబీజ మొక్క. నీటి గొట్టాలూ చక్కెర గొట్టాలూ కలిసి కట్టలు కట్టలుగా కాడంతా చెదిరి ఉంటాయి, పక్కకు తీసేందుకు విడిగా బెరడంటూ లేదు. ఆ అవసరం కూడా లేదు. ప్రతి కణుపు దగ్గరా గోధుమరంగు గాలివేరు ముందే సిద్ధంగా ఉంటుంది. దానికి కావలసింది తడి, చీకటి.

కొబ్బరి పీచును రెండుమూడు నీళ్లలో కడగండి, అందులో ఉప్పు ఉంటుంది. గట్టిగా పిండి, గాలివేరు ఉన్న కణుపు చుట్టూ గుప్పెడు పెట్టి, ప్లాస్టిక్ కవరు చుట్టి రెండు కొసలా పురికొసతో కట్టండి. ఎండ పడేచోటైతే పైన గుడ్డ చుట్టండి. మా వైపు దీనికి మంచి అదను అక్టోబరు, ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టే కాలం. నాలుగైదు వారాలకు గుడ్డ విప్పితే కవరు లోపల తెల్లటి వేళ్లు పీచును అల్లుకుని, కొసలు ప్లాస్టిక్‌కు ఆనుకుని కనిపిస్తాయి. అప్పుడు ముడికి కింద కోసి, పీచు ముద్ద విడదీయకుండా కుండీలో నాటి, వారం పది రోజులు నీడలో ఉంచండి. కోశాక చేతులు కడుక్కోండి. రసంలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు దురద పెడతాయి. పసిపిల్లలు, మేకలు నమలకుండా చూసుకోవాలి.

ఈ మొక్క పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవి. దీనికి పూలు దాదాపు పూయవు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోను తయారీలో పనిచేసే ఒక జన్యువు ఇందులో సరిగా పనిచేయడం లేదని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. బయటి నుంచి ఆ హార్మోను ఇస్తే పూసింది. పూత లేదు కాబట్టి గింజా లేదు. మన ఇళ్లలో ఉన్న ప్రతి మనీప్లాంటూ ఎవరో ఒకరు తుంచి ఇచ్చిన ముక్కే.

ఈసారి ముసురులో మూడు అంట్లు కట్టాను. ఒంగోలులో ఉండే మా చెల్లెలికి పంపాల్సిన దానిలో నిన్న మొదటి వేరు కవరును తాకింది.