కోడి నల్లికి టీకా: అపోహలు - వాస్తవాలు

ఆనందపురం, భీమిలి వైపు గుడ్ల కోళ్ల ఫారాలకు వైద్యానికి వెళ్లినప్పుడు తరచూ వినే మాట: "డాక్టరు గారూ, నల్లికి కూడా టీకా వచ్చిందట కదా, వేయించండి."

అపోహ: నల్లికి టీకా దొరుకుతోంది.

కోళ్ల రక్తం తాగే సన్నటి పురుగు ఈ నల్లి (ఎర్రనల్లి). దానికి టీకా దొరకడం లేదు. స్కాట్లాండ్‌లోని మోర్డన్ పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి దీనిపై పనిచేస్తోంది. ప్రయోగాల్లో ఆశాజనకమైన ఫలితాలు వచ్చాయి కానీ రైతు కొనుక్కోగలిగే టీకా ఇంకా రాలేదు. ఆ పేరుతో ఎవరైనా సీసా చూపిస్తే దయచేసి డబ్బు పోగొట్టుకోకండి.

అలాగని అది జరగని పనీ కాదు. పశువుల పిడుదులకు 1994లోనే ఆస్ట్రేలియాలో టీకా వచ్చింది. పురుగు పేగులో ఉండే ప్రోటీన్‌ను టీకాగా ఇస్తే పశువు రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి. ఆ రక్తం తాగిన పురుగు పేగు దెబ్బతింటుంది. నల్లి విషయంలో ఇదంత సులువు కాదు. పిడుదు రోజుల తరబడి పశువును అంటిపెట్టుకుని ఉంటే, ఎర్రనల్లి రాత్రి వచ్చి కాసేపట్లో రక్తం తాగి వెళ్లిపోతుంది. పైగా దాని పేగు ప్రోటీన్ కోడి ఒంట్లోకి రాదు కాబట్టి, ఎన్నిసార్లు కుట్టినా టీకా బలం మళ్లీ పుంజుకోదు. కోడేమో ఏడాదికి పైగా గుడ్లు పెట్టాలి, అన్నాళ్లూ టీకా బలం నిలవాలి.

అపోహ: కొక్కెర తెగులు, మశూచి టీకాలు వేశాం, ఇక నల్లి పట్టదు.

అవి వైరస్‌లకు వేసేవి. నల్లిని ఆపలేవు.

అపోహ: కోడి ఒంటి మీద కనిపించకపోతే నల్లి లేనట్టే.

రైతులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఎర్రనల్లి పగలు కోడి మీద ఉండదు. కోళ్లుండే పంజరాల అతుకుల్లో, మేత తొట్ల అడుగున దాక్కుంటుంది. చీకటి పడ్డాక టార్చి వేసి చూడండి. అతుకుల దగ్గర బూడిదరంగు పొడిలాంటిది ఉంటే కాగితం మీదకు రాల్చి నలపండి. ఎర్రటి మరక పడితే అది నల్లే. గుడ్ల మీద సన్నటి రక్తపు చుక్కలు, పాలిపోయిన తురాయి, పనివాళ్ల చేతుల దురద కూడా దాని గుర్తులే. మన తేమ, వెచ్చదనంలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం పది రోజులు చాలు.

అపోహ: పొలం మందు గట్టిగా కొడితే పోతుంది.

ఆ మందు గుడ్డులోకి చేరుతుంది. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం ఫారాల్లో నల్లికి ఫిప్రోనిల్ అనే పురుగుమందు వాడినందుకు లక్షల గుడ్లు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. గుడ్లు పెట్టే కోళ్లకు అనుమతి ఉన్న మందునే పశువైద్యుడు చెప్పిన మోతాదులో వాడండి. నల్లి గుడ్లు చాలా మందులకు చావవు కాబట్టి రెండో విడత తప్పించకండి. బ్యాచ్ తీసేసి షెడ్డు ఖాళీ అయినప్పుడు, కొత్త పెట్టలు దిగకముందే అతుకులన్నీ గీకి కడిగించండి.